ఫోన్లు నేరుగా శాటిలైట్‌కి కలిస్తే ఈసీఈ చదువు దండగేనా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా సెల్ టవర్ల దగ్గర టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది, ఎంసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. ఇకమీదట ఫోన్లు నేరుగా శాటిలైట్‌కే కలుస్తాయని, టవర్లు ఉండవని అంటున్నారు. పాప ఈసీఈ అంటోంది. చెన్నైలో ఒక కాలేజీ వాళ్లు శాటిలైట్ కమ్యూనికేషన్‌లో ప్రత్యేక బీటెక్ ఉందంటే పదివేలు అడ్వాన్సు కట్టాను. ఫీజు ఏడాదికి నాలుగు లక్షలు, రెండెకరాలు అమ్మాలి. లేదంటే సీఎస్ఈ మేలా? ఆడపిల్లని టవరెక్కే పనికి పంపలేను కదా.

జవాబు: మూడు కోర్సుల్లో ఏది మంచిదని అడిగారు. చెబుతాను. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అది కాదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. టవర్లు పోతే మీ ఉద్యోగం ఏమవుతుంది, పోయే రంగంలోకే పిల్లని కూడా తోస్తున్నారా అన్నది మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తున్నాయి. ముందు దాని సంగతి చూద్దాం.

టవర్లు పోవు. 2025 డిసెంబరు 24న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ తీసుకెళ్లింది సరిగ్గా మీరు భయపడుతున్న రకం ఉపగ్రహాన్నే. ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ అనే అమెరికా కంపెనీది. బరువు దాదాపు 6,100 కిలోలు, యాంటెన్నా 223 చదరపు మీటర్లు. అంత పెద్దది ఎందుకంటారా? మామూలు ఫోను బయటికి పంపే శక్తి వాట్‌లో అయిదో వంతు. మీ టవర్ అయితే రెండు మూడు కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని అందుకుంటుంది. ఉపగ్రహం అయిదు వందల కిలోమీటర్ల పైనుంచి అందుకోవాలి. అంత చేసినా పైన ఆకాశం కనబడాలి, మిద్దె ఇంట్లో కూర్చుంటే కష్టమే. పైగా ఒక్కో ఉపగ్రహ కిరణం నేల మీద పదుల కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది, అందులోని ఫోన్లన్నీ ఉన్న కాస్త సామర్థ్యాన్నే పంచుకోవాలి. ఒకే బోరు మీద ఊరి పొలాలన్నీ పారించినట్టు. నెల్లూరు ట్రంకు రోడ్డులో సాయంత్రం పూట వీడియోలు చూసే జనానికి అది ఏ మూలకి సరిపోతుంది?

మరి ఎవరికి పనికొస్తుంది? జువ్వలదిన్నె నుంచి వేటకెళ్లి ఒడ్డు కనబడనంత దూరం పోయే బోట్లకి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో బండి ఆగిపోయినవాడికి, నల్లమల చెంచు గూడేలకి. తుపానుకి టవర్లకి కరెంటు పోయిన రెండు మూడు రోజులకి. అమెరికాలో టీ-మొబైల్, స్టార్‌లింక్ కలిసి 2025 జులైలో ఈ సేవ మొదలుపెట్టినప్పుడు కూడా ముందుగా ఇచ్చింది మెసేజీలే, టవర్ అందని చోట్ల కోసమే. ఇంకో మాట, ఉపగ్రహం అందుకున్న కాల్ మళ్లీ నేల మీది స్టేషన్‌కి దిగి ఫైబర్‌లోకే ఎక్కాలి. అక్కడా బ్యాటరీలు, జనరేటర్, ఫైబర్, రాత్రిళ్లు అలారాలు తప్పవు. మీకు తెలిసిన పనే.

ఇక చెన్నై కోర్సు. నా అనుమానాలన్నీ దీని మీదే. ఉపగ్రహం సెకనుకి ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటే ఫోనుకి అందే ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంటుంది. దాన్ని సరిదిద్దడం, ఇదే స్పెక్ట్రమ్‌లో, అంటే అవే రేడియో ఫ్రీక్వెన్సీల్లో, పక్కనున్న టవర్‌కి అడ్డు తగలకుండా చూడటం, యాంటెన్నా డిజైన్ చేయడం అసలు సిసలు పని. ఇవి ఏ కొత్త బ్రాంచిలోనూ పుట్టలేదు, ఈసీఈలో సిగ్నల్స్, కమ్యూనికేషన్స్, యాంటెన్నాల పేపర్లలోనివే. పిల్లలు బట్టీపట్టి గట్టెక్కే పేపర్లు కూడా ఇవే, అది వేరే సంగతి. బ్రోచర్ మీద రాకెట్ బొమ్మ వేసినంత మాత్రాన ల్యాబు రాదు. సిగ్నళ్లని కొలిచి చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ ఉందా, విద్యార్థులు దాన్ని ముట్టుకుంటారా, పాఠం చెప్పేది ఎవరు అని మీరు అడిగారా? అడక్కుండానే పదివేలు కట్టారు.

ఇస్రో ఆశ కూడా చూపించే ఉంటారు. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ నోటిఫికేషన్లలో ఎలక్ట్రానిక్స్ పోస్టులకి అడుగుతూ వచ్చింది ఈసీఈ డిగ్రీ, 65 శాతం మార్కులు లేదా 6.84 సీజీపీఏ. డిగ్రీ మీద వేరే పేరుంటే అది ఈసీఈకి సమానమేనని నిరూపించుకునే తిప్పలు మీ అమ్మాయివి, కాలేజీవి కావు. అంతరిక్ష చదువే కావాలంటే తిరువనంతపురంలో ఐఐఎస్‌టీ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి.

కాస్త గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఈసీఈ అంటే టవరెక్కడం అని బయటివాళ్లు అంటే సరే, మీరే అంటే ఎలా? మీ సైటుకి వచ్చే, రేడియో సిగ్నళ్లు చూసే ఆర్ఎఫ్ ఇంజినీర్లలో టవరెక్కేవాళ్లు ఎందరు? కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని మిమ్మల్నో, యాంటెన్నాలు బిగించే రిగ్గర్‌నో ఎక్కమంటారు కదా. పాప కూర్చోబోయేది ఆ ల్యాప్‌టాప్ ముందు. పాప నోరు తెరిచి ఈసీఈ అని చెప్పింది కూడా. అది వదిలేసి, కాలేజీ ఏజెంట్ మాట మీద మెట్ట పొలం అమ్మకానికి పెడుతున్నారు.

సీఎస్ఈ గురించి పెద్దగా చెప్పను. పాపకి కోడింగ్ మీద మనసుంటే మంచిదే, లేకపోతే ఆ తరగతి కిక్కిరిసి ఉంది. ఈసీఈలోనూ బాగా చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడం కొత్త కాదు. నిజానికి కోర్ ఉద్యోగాలు తక్కువే, రెండో ఏడాది నుంచే సీ, పైథాన్ లాంటి కోడింగ్ భాషలు చేతిలో ఉండాలి. సిగ్నల్స్ మీద ఇష్టం నిలబడితే గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్లొచ్చు.

వెబ్ ఆప్షన్లలో మీ ర్యాంకుకి వచ్చే కాలేజీల్లో ఈసీఈ పైన, సీఎస్ఈ కింద పెట్టండి. కన్వీనర్ కోటాలో సీటొస్తే చెన్నై ఖర్చులో చాలా తక్కువకే చదువు అయిపోతుంది, పొలం జోలికి వెళ్లక్కర్లేదు. ఆ పదివేలకి రసీదు ఉంటే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, పోయిన పదివేల కోసం పదహారు లక్షలు పెట్టకండి.