ఓడ ఎక్కే ముందు: నాన్నగారి స్టెంట్, అత్తగారి మోకాళ్లు, చేతి సంచిలో మందులు

క్రూజ్ ప్రయాణాల గురించి ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఏ ఓడ బాగుంటుంది, ఏ ఊళ్లు చూడాలి అని అడిగేవాళ్లు తక్కువ. "నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?", "నాకు ఫలానా జబ్బుంది, ఎక్కనిస్తారా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేశాను. నేను డాక్టర్‌ని కాను. చాలాసార్లు ఓడ ఎక్కాను, అందులో రెండుసార్లు పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మందుల విషయంలో ఆఖరి మాట మీ డాక్టర్‌దే.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం స్టెంట్ వేశారు. బీపీ, షుగర్ ఉన్నాయి కానీ అదుపులోనే ఉన్నాయి. పది రోజుల క్రూజ్‌కి తీసుకెళ్దామని నేనంటే, అన్నయ్య వద్దంటున్నాడు. ఓడలో ఆసుపత్రి ఉంటుంది కదా, ఇంకా భయమెందుకు?

తీసుకెళ్లాలన్న మీ కోరికలో తప్పేమీ లేదండీ. ఓడలో ఆసుపత్రి ఉంది కదా అన్న ధైర్యమే తప్పు. పెద్ద ఓడల్లో డాక్టర్, నర్సులు రాత్రీపగలూ అందుబాటులో ఉంటారు. ఈసీజీ తీస్తారు, ఆక్సిజన్ పెడతారు, గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం ఉంటుంది, వెంటిలేటర్ కూడా ఉంటుంది, మామూలు రక్తపరీక్షలు చేస్తారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ వాళ్లు ఓడల్లోని వైద్య కేంద్రాల్లో ఏమేం ఉండాలో మార్గదర్శకాలు రాశారు, పేరున్న కంపెనీలు చాలావరకు వాటినే పాటిస్తాయి. కానీ యాంజియోగ్రామ్ అక్కడ జరగదు, స్టెంట్ వేయరు, పెద్ద ఆపరేషన్ చేయరు. మనిషి ప్రాణం నిలబెట్టి తర్వాతి రేవులో ఆసుపత్రికి అప్పగించడం వరకే ఆ డాక్టర్ పని.

కాబట్టి మీరూ అన్నయ్యా వాదించుకోవాల్సింది వెళ్లాలా వద్దా అని కాదు, ఏ దారిలో వెళ్లాలి అని. పటం ముందు పెట్టుకుని కూర్చోండి. రోజూ ఏదో ఒక రేవులో ఆగుతూ తీరం వెంబడే సాగే మధ్యధరా ప్రయాణం ఒకటి, అట్లాంటిక్ దాటుతూ ఆరేడు రోజులు వరసగా నీళ్లే తప్ప ఇంకేం కనబడని ప్రయాణం ఒకటి. రెండింటి పేరూ క్రూజే, గుండె జబ్బు మనిషికి మాత్రం రెండూ ఒకటి కావు. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్తుంది అనుకుంటారు చాలామంది. అది తీరం నుంచి కొంత దూరం వరకే రాగలదు, వాతావరణం బాగుంటేనే వస్తుంది. నడిసముద్రంలో ఓడ దారి మళ్లించి దగ్గరి రేవుకి పోవడం తప్ప దారి లేదు, దానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అంటార్కిటికా వైపు వెళ్లే ఓడలైతే ముందే డాక్టర్ సంతకంతో ఆరోగ్య ఫారం అడుగుతాయి, అత్యవసర తరలింపు ఇన్సూరెన్స్ లేకపోతే చాలావరకు ఎక్కనివ్వవు. నాన్నగారికి మొదటి ప్రయాణం కాబట్టి వరసగా రెండు రోజులకి మించి సముద్రంలోనే ఉండని దారి చూడండి.

ఇక ఇన్సూరెన్స్. ఓడలో చేసిన వైద్యానికి బిల్లు మీ క్యాబిన్ ఖాతాలో పడుతుంది, దిగేలోపు కట్టాలి, అది తక్కువేమీ ఉండదు. ఇంటి దగ్గర పనికొచ్చే ఆరోగ్య బీమా సముద్రం మీద పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ప్రయాణ బీమా విడిగా తీసుకోండి, అందులో అత్యవసర తరలింపు ఖర్చు ఉందో లేదో చూడండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. కొన్ని పాలసీల్లో ప్రయాణానికి మొదటి డబ్బు కట్టిన కొద్దిరోజుల్లోపే బీమా తీసుకుంటే తప్ప పాత జబ్బులకి వర్తించదు, అందుకని ఆఖరి నెల దాకా ఆగొద్దు. దయచేసి స్టెంట్ సంగతి ఫారంలో దాచకండి. ప్రీమియం పెరుగుతుందని దాచేవాళ్లని చూశాను. తీరా అవసరం పడ్డాక పాత రికార్డు బయటపడి క్లెయిమ్ కొట్టేస్తే, పరాయి దేశం ఆసుపత్రిలో పడుకున్న మనిషి పక్కన నిలబడి డబ్బు కోసం ఫోన్లు చేసుకోవాల్సి వస్తుంది.

అన్నిటికంటే ముందు నాన్నగారి కార్డియాలజిస్ట్‌ని కలవండి. "వెళ్లొచ్చా?" అని ఒక్క ముక్కలో అడిగితే సరే అనేస్తారు. ఎన్ని రోజులు, ఎంత దూరం, ఎన్ని మెట్లు ఎక్కాలి అన్నీ చెప్పి అడగండి. వచ్చేటప్పుడు ఆయన ఆఖరి ఈసీజీ కాపీ తీసుకోండి. ఈ ఒక్క కాగితం విలువ చాలామందికి తెలియదు. రాత్రి రెండింటికి ఛాతీలో నొప్పి అంటే ఓడ డాక్టర్ ఈసీజీ తీస్తారు, అందులో కనబడే తేడా పాతదా కొత్తదా అన్నది పోల్చడానికి పాత కాపీ ఉండాలి. దానితోపాటు డిశ్చార్జ్ సమ్మరీ, స్టెంట్ కార్డు, మందుల జాబితా పెట్టుకోండి. జాబితాలో బ్రాండ్ పేర్లు కాదు, మందు అసలు పేరూ మోతాదూ రాయండి, బ్రాండ్ దేశానికొకటి ఉంటుంది.

మందులు చేతి సంచిలోనే ఉండాలి. పెట్టెల్ని రేవులో తీసుకుని క్యాబిన్‌కి చేరుస్తారు కదా, అది వెంటనే జరగదు. మా అమ్మతో వెళ్లినప్పుడు బీపీ మాత్రలు పెద్దపెట్టెలో పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇచ్చిన పెట్టె రాత్రి తొమ్మిదికి వచ్చింది. ఆ పూట ఆవిడకి మాత్ర ఆలస్యమైంది, తల పట్టుకుని కూర్చుంటే నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. ఇంకో మాట, పది రోజుల ప్రయాణానికి పదిహేను రోజుల మందు తీసుకెళ్లండి, ఫార్మసీ ప్యాకింగ్‌లోనే ఉంచండి, ప్రిస్క్రిప్షన్ జతచేయండి.

ప్రశ్న: బస్సెక్కితేనే నాకు కడుపులో తిప్పుతుంది. మావారు ఓడ టికెట్లు తీసేశారు. ఏం చేయాలి?

పెద్ద ఓడలకి ఊపు తగ్గించే స్టెబిలైజర్లు ఉంటాయి, మీరు భయపడినంత ఉండదు. అయినా క్యాబిన్ ఎక్కడన్నది ముఖ్యం. ఓడ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. పైన, ముందువైపు ఉన్న ఖరీదైన బాల్కనీ గదుల్లోనే ఎక్కువ. టికెట్లు తీశారు సరే, క్యాబిన్ మార్చుకునే వీలుందేమో ఈరోజే అడగమనండి.

మాత్రలు వాంతులు మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటివి నిద్ర తెప్పిస్తాయి. చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ ప్యాచ్ ఒకటుంది, కనీసం నాలుగు గంటల ముందు పెట్టుకుంటే మూడు రోజుల వరకు పనిచేస్తుంది. కానీ గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకీ, ప్రొస్టేట్ పెరిగి మూత్రం సరిగా రానివాళ్లకీ అది మంచిది కాదు, పెద్దవాళ్లలో మతి తికమక పుట్టించవచ్చు. మీకు బాగా పనిచేసింది కదా అని అత్తమామలకి అంటించకండి. ఇంట్లో ఉండగానే ఒకరోజు వేసుకుని చూస్తే మీ ఒంటికి పడుతుందో లేదో తెలుస్తుంది. తిప్పుతున్నట్టు అనిపించగానే ఫోన్ పక్కన పెట్టి డెక్ మీదకి వచ్చి దూరంగా ఆకాశం, నీరు కలిసేచోట చూపు నిలపండి. ఖాళీ కడుపుతో ఉండొద్దు.

దారిని బట్టి కూడా చాలా మారుతుంది. నార్వే ఫియోర్డులు, అలాస్కా ఇన్‌సైడ్ పాసేజ్ లాంటివి కొండల మధ్య నీళ్లు, ఎక్కువగా నిలకడగా ఉంటాయి. కరీబియన్‌లో తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా ఇంకా ఎక్కువ. ఆ నెలల్లో టికెట్లు చవగ్గా దొరకడానికి అదీ ఒక కారణం.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కొద్ది దూరం నడుస్తారు, ఎక్కువైతే చక్రాల కుర్చీ కావాలి. అన్ని రేవుల్లో దిగగలరా?

అన్నిచోట్లా దిగలేరు. ఎక్కడ దిగగలరన్నది టికెట్ కొనేముందే తెలుసుకోవచ్చు. రేవులో ఓడ నేరుగా గట్టుకి ఆనుకుంటుందా, లేక దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దించుతారా అని అడగండి. ఆ పడవల్ని టెండర్లు అంటారు. ఓడకీ పడవకీ మధ్య రెండూ ఊగుతుంటే అడుగు వేసి దాటాలి. చక్రాల కుర్చీని, అందులోనూ బ్యాటరీ కుర్చీని, చాలాచోట్ల ఎక్కించరు. అలలు ఎక్కువగా ఉంటే మామూలుగా నడిచేవాళ్లని కూడా దించరు. గ్రీస్ దీవి శాంటొరిని చూడాలని అందరికీ ఉంటుంది. అక్కడ టెండర్‌లో పాత రేవుకి చేరాక ఊరు కొండమీద ఉంటుంది, కేబుల్ కారు ఎక్కాలి, లేదా ఐదువందల పైచిలుకు మెట్లు. కేబుల్ కారుకి ఎండలో వరస కట్టి నిలబడాల్సి వస్తుంది. కరీబియన్ దీవి గ్రాండ్ కేమన్‌లో కూడా టెండరే.

నదీ క్రూజ్ అయితే ఊపు ఉండదు, ఊళ్లు దగ్గర, పెద్దవాళ్లకి హాయి అని చాలామంది సలహా ఇస్తారు. మొదటి రెండూ నిజమే. కానీ ఆ ఓడల్లో సాధారణంగా డాక్టర్ ఉండరు. లిఫ్ట్ ఉన్నా అన్ని డెక్కులకీ పోదు. డాన్యూబ్ లాంటి నదుల్లో రద్దీ ఉన్నప్పుడు ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు, అప్పుడు గట్టెక్కాలంటే పక్క ఓడలోంచి, ఒక్కోసారి దాని పైడెక్ మీదుగా మెట్లెక్కి దిగి పోవాలి. మీ అత్తగారికి నేనైతే పెద్ద ఓడే చెబుతాను. వెడల్పు తలుపులు, గడప లేని స్నానాలగది ఉన్న క్యాబిన్లు ప్రతి ఓడలో కొన్నే ఉంటాయి, త్వరగా అయిపోతాయి, ఏడాది ముందే అడగండి. ఎక్కిన రోజు జరిగే భద్రతా డ్రిల్‌లో ఆవిడ మెట్లు దిగలేరని సిబ్బందికి చెప్పండి. లిఫ్టులు ఆపేసే పరిస్థితి వస్తే ఎవరు సాయం చేస్తారన్నది వాళ్లు ముందే రాసిపెట్టుకుంటారు.

ప్రశ్న: నేను ఇన్సులిన్ తీసుకుంటాను, రాత్రి సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే యంత్రం) పెట్టుకుంటాను. ఇబ్బందేమైనా ఉందా?

ఉండదు, ముందే చెబితే. క్యాబిన్‌లో ఉండే చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో పానీయాలు చల్లబరిచే పెట్టె మాత్రమే, ఇన్సులిన్‌కి సరిపడే చల్లదనం ఉంటుందని నమ్మలేం. మందులు దాచే ఫ్రిజ్ కావాలని, వాడిన సూదులు వేసే డబ్బా కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. సీప్యాప్‌కి డిస్టిల్డ్ వాటర్, పొడిగింపు వైరు ఓడవాళ్లనే ఇమ్మనండి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే పరికరం) ఉన్న వైర్లు తెస్తే తనిఖీలో తీసేసుకుంటారు. ఓడ గడియారం ముందుకీ వెనక్కీ మారుతుంటుంది, దానికి తగ్గట్టు ఇన్సులిన్ టైం ఎలా జరపాలో డాక్టర్ చేత రాయించుకోండి.

ప్రశ్న: నేను గర్భవతిని, ఓడ బయల్దేరే నాటికి నాకు 22వ వారం. ఎక్కనిస్తారా?

బయల్దేరే రోజు కాదు, తిరిగి దిగే రోజు లెక్క. ప్రయాణంలో ఎప్పుడైనా 24వ వారంలోకి అడుగుపెట్టేవాళ్లని చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. మీది వారం రోజుల ప్రయాణమైతే సరిపోవచ్చు, రెండు వారాలైతే కుదరదు. డాక్టర్ నుంచి వారాల లెక్కతో ఉత్తరం తీసుకెళ్లండి. పుట్టాక తీసుకెళ్దామనుకుంటే, బిడ్డకి కనీసం ఆరు నెలలు ఉండాలంటారు, మహాసముద్రం దాటే ప్రయాణాలకి ఏడాది.

ప్రశ్న: ఓడలో ఒకరికి వస్తే అందరికీ వస్తుందంటారు. కోవిడ్ రోజుల్లో చూశాం కదా. ఇప్పటికీ ఆ టెన్షన్ పోలేదు.

మీ భయం అర్థమవుతోంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామాలో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో ఉన్న 3,711 మందిలో 712 మందికి సోకింది, అది మర్చిపోయేది కాదు. ఇప్పుడు ఓడల్లో ఎక్కువగా వినబడేది నోరోవైరస్, అంటే వాంతులు, విరేచనాలు. అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో ప్రయాణికుల్లోగానీ సిబ్బందిలోగానీ 3 శాతం మందికి ఇవి వస్తే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ పేరుతో సహా ప్రకటిస్తుంది. అందుకే ఓడల గురించి ఎక్కువ వింటాం. గుమ్మాల దగ్గర పెట్టే శానిటైజర్ ఈ వైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్లతో కనీసం ఇరవై సెకన్లు చేతులు రుద్దుకోవాలి, తినేముందు తప్పనిసరిగా. ఫ్లూ టీకా ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించుకోండి. వాంతులు మొదలైతే డాక్టర్‌కి చెప్పండి. గదిలో ఉంచేస్తారని దాచిపెట్టి భోజనాల హాలుకి వెళ్లేవాళ్ల వల్లే అది పక్కవాళ్ల అమ్మకీ నాన్నకీ చేరుతుంది.

ప్రశ్న: ఓడ సాయంత్రం నాలుగింటికి. అదే రోజు ఉదయం దిగే విమానం చూశాం, హోటల్ ఖర్చు మిగులుతుంది. సరేనా?

వద్దు. ఓడ నాలుగింటికంటే గంట, గంటన్నర ముందే చెక్ఇన్ మూసేస్తారు. విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. ముందురోజే చేరుకోండి, మీతో పెద్దవాళ్లుంటే ఆ రాత్రి నిద్ర వాళ్లకి మందులాంటిది. రేవుల్లో కూడా అంతే. ఓడవాళ్లు అమ్మే టూర్ ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు, మీ అంతట మీరు వెళ్లిన టాక్సీ ఆలస్యమైతే వెళ్లిపోతారు. రేవుకొచ్చేయాల్సిన సమయం ఓడ గడియారం ప్రకారమా, ఊరి గడియారం ప్రకారమా అన్నది దిగే ముందే అడగండి.

వీసా దగ్గర ఇంకో చిక్కు. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దేశంలో ఎక్కి, మధ్యలో షెంగెన్ కాని దేశంలో ఆగి, మళ్లీ షెంగెన్ రేవుకి వచ్చే దారులు చాలా ఉన్నాయి, వాటికి ఒక్కసారి ప్రవేశించే వీసా చాలదు, మల్టిపుల్ ఎంట్రీ కావాలి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా రేవులుంటే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడగవచ్చు, టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. పాస్‌పోర్ట్ తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు ఉండేలా చూసుకోండి.

తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతే తీసుకోండి, దిగడానికి, పెట్టెలు వెతుక్కోవడానికి ఉదయమంతా పడుతుంది. మీ అబ్బాయి ఆఖరి రేవులో స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈత) చేస్తానన్నాడని రాశారు. స్కూబా చేశాక ఎన్నిసార్లు మునిగాడన్నదాన్ని బట్టి 18 నుంచి 24 గంటల వరకు విమానం ఎక్కకూడదు, కాబట్టి ఆ ముచ్చట మొదటి రేవుకి జరపమని చెప్పండి.