నియాస్ దీవిలో సర్ఫింగ్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రుషికొండలో అలల మీద బాగానే నిలబడుతున్నాం. ఇండోనేసియాలోని నియాస్ దీవికి వెళ్లాలని ఉంది. అక్కడి అలలు మా వల్ల అవుతాయా? (విశాఖపట్నం)

జవాబు: అవుతాయి, కానీ దిగిన రోజే అక్కడి పేరున్న అల విరిగే చోటు, సొరాకే పాయింటుకు పరుగెత్తకండి. రుషికొండలో కింద ఇసుక. సొరాకేలో అల విరిగేది పగడపు రీఫ్ మీద, అంటే నీటి అడుగున ఉండే గట్టి పగడపు దిబ్బ మీద. పైగా 2005 మార్చి 28న వచ్చిన 8.6 తీవ్రత భూకంపానికి ఆ రీఫ్ పైకి లేచింది. నీటి లోతు తగ్గి, అల మునుపటికన్నా గొట్టంలా బోలుగా, బలంగా పడుతోంది. అంతకుముందు రాసిన వర్ణనలు చదివి అంచనాకు రావద్దు.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానుల స్వెల్ (దూరం నుంచి వచ్చే పెద్ద అలల పోటు) ఇక్కడికి చేరుతుంది. జూన్, జులై, ఆగస్టు ఆరితేరినవాళ్ల నెలలు. మీరు మార్చి చివర్లోగానీ, అక్టోబరులోగానీ వెళ్లండి. లగుంద్రి అఖాతం లోపలి వైపు ‘కిడ్డీస్ కార్నర్’ అనే చోట మెత్తటి అలలుంటాయి, అక్కడ మొదలుపెట్టండి.

పాయింటుకు వెళ్లే రోజు ముందు ఒడ్డున కూర్చుని అరగంట చూడండి. స్థానికులు రీఫ్ మీద నడిచి, ‘కీహోల్’ అనే సందులోంచి నీళ్లలోకి దిగుతారు. సెట్ (వరుసగా వచ్చే పెద్ద అలల గుంపు) దాటిపోయాక అక్కడ దిగితే జుట్టు తడవకుండా అల వెనక్కి చేరొచ్చు. తొందరపడి సెట్ మధ్యలో దిగితే అల మిమ్మల్ని తిరిగి రీఫ్ మీదికే విసురుతుంది. కాళ్లకు రీఫ్ బూట్లు తప్పనిసరి, సందుల్లో సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు) ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు రీఫ్ ఎక్కే ప్రయత్నం వద్దు. పక్కనున్న లోతు నీళ్లలోంచి అఖాతంలోకి ప్యాడిల్ చేసి (బోర్డు మీద పడుకుని చేతులతో ఈది) ఇసుక మీదికి రండి. పడితే తల ముందుగా దూకొద్దు, వెల్లకిలా పరుచుకున్నట్టు పడి, చేతులతో తల కప్పుకోండి.

ప్రశ్న: ఊరివాళ్ల ఇళ్లలో గది తీసుకుంటే ఖర్చు తగ్గుతుందంటున్నారు. మేం శాకాహారులం. ఎలా? (హైదరాబాద్)

జవాబు: ఈ ఇళ్లను లోస్మెన్ అంటారు. గది అద్దె తక్కువ, ఎందుకంటే ఆ కుటుంబానికి మిగిలేది భోజనం మీదే. గది ఒకరి దగ్గర తీసుకుని, తిండి పక్కింట్లో తింటే మొహం మాడ్చుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అద్దె, పూట భోజనం, మోటారు సైకిలు, ఉతికిన బట్టలు, వేటికెంతో మొదటి రోజే మాట్లాడుకుని, లెక్క రోజూ పుస్తకంలో రాయించండి. చివర్లో వచ్చే తగాదాల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

అన్నం, కోడిగుడ్డు, తోఫు, టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), ఆకుకూర దొరుకుతాయి. సంబల్ అనే మిరప పచ్చడిలో మాత్రం రొయ్యల ముద్ద కలుస్తుంటుంది, ముందే అడగండి. పందిమాంసం అక్కడ పండుగ భోజనం. తినకపోతే మర్యాదగా వద్దనండి చాలు. నియాస్‌లో ఎక్కువమంది క్రైస్తవులు, ఆదివారం ఉదయం చర్చి వేళలో పని చెప్పకండి. కలిసినప్పుడు ‘యాహోవు’ అనండి, అది అక్కడి నమస్కారం. ఊళ్లోకి వెళ్తే ఒంటిమీద చొక్కా ఉండాలి.

సుమత్రాలోని మెడాన్ నగరం నుంచి నియాస్‌లోని గునుంగ్‌సితోలికి చిన్న విమానం, అక్కడి నుంచి సొరాకేకి రోడ్డు మీద సుమారు మూడు గంటలు. పొడవాటి బోర్డు ఎక్కిస్తారో లేదో టికెట్ కొనేముందే కనుక్కోండి. నగదు మెడాన్‌లోనే తీసుకోవడం మేలు.

ప్రశ్న: రీఫ్‌కు తగిలి ఒంటికో, బోర్డుకో దెబ్బ తగిలితే? (కాకినాడ)

జవాబు: పగడపు గీత చిన్నదే అయినా చీము పడుతుంది, పగడపు ముక్కలు లోపల ఉండిపోవడం వల్ల. కాచి చల్లార్చిన నీళ్లతో ధారగా కడిగి, పట్టకారుతో ముక్కలు తీసి, బెటాడిన్ రాసి, ఆరేదాకా నీళ్లలోకి దిగకండి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా దగ్గర్లోని పట్టణం తెలుక్ దాలంలో ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. టెటనస్ టీకా బయలుదేరే ముందే వేయించుకోండి. మలేరియా మాత్రల సంగతీ డాక్టరును అడగండి: డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి, పైగా దానివల్ల ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది.

బోర్డు పగిలితే వెంటనే నీళ్లలోంచి తీసి, పగులు కిందికి ఉండేలా నిలబెట్టి, నీరంతా కారనివ్వండి. తడి మీద రెజిన్ (పగులు పూడ్చే జిగురు) పట్టదు. పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఎండకు గట్టిపడే రెజిన్ నీడలోనే పూసి, తర్వాత ఎండలో పెట్టండి. మీది ఈపీఎస్ (థర్మకోల్ లాంటి) ఫోమ్ బోర్డయితే డబ్బా మీద ‘ఎపాక్సీ’ అని ఉన్నదే కొనండి. పాలియెస్టర్ రెజిన్ ఆ ఫోమ్‌ను కరిగించేస్తుంది, చిన్న కన్నం గుప్పెడంత అవుతుంది. ఒక అదనపు లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు), ఒక జత ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు), వాటిని బిగించే తాళంచెవి ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.