అమ్మ కోసం రక్తమిచ్చాను... ఆమెకు ఎందుకు ఎక్కించలేదు?

ప్రశ్న: నా వయసు 29. మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అంటే ఒక యూనిట్ రక్తం ఇచ్చాను. తీరా చూస్తే ఆమెకు ఎక్కించింది నాది కాదట. ఆ బ్యాగు మీద 'ప్యాక్డ్ సెల్స్' అని ఉంది. నేనిచ్చిన రక్తాన్ని మూడు భాగాలుగా విడదీశామని సిబ్బంది చెప్పారు. అంటే అమ్మకు సగం రక్తమే ఎక్కించారా? నాది ఎవరికి వెళ్లింది? టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, అమ్మకు ఏమీ తక్కువ చేయలేదు. ఆపరేషన్‌లో రక్తం పోతే ఆక్సిజన్‌ను మోసే ఎర్రకణాలు తగ్గుతాయి. ఆ బ్యాగులో ఉన్నవి అవే. ఒక్క యూనిట్‌తో పెద్దవాళ్లలో హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది. వాటితో పాటు అవసరం లేని ద్రవాన్ని కూడా ఎక్కిస్తే, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆయాసం వస్తుంది.

మీ రక్తమే ఎందుకు ఎక్కించలేదంటారా? తల్లీబిడ్డల గ్రూపు ఒకటే కావాలని లేదు. పైగా రక్తసంబంధీకుల రక్తంలోని తెల్లకణాలను రోగి శరీరం ఒక్కోసారి పరాయివిగా గుర్తించదు. అవి లోపలే తిష్ఠవేసి రోగి మీదే దాడి చేస్తాయి. చాలా అరుదే కానీ, వస్తే ప్రాణాంతకం. అందుకే దగ్గరి బంధువుల రక్తం ఎక్కించాల్సి వస్తే ముందు దానికి రేడియేషన్ ఇస్తారు. వేరే దాత రక్తం సిద్ధంగా ఉంటే అదే మేలు.

ఇక మీ రక్తం సంగతి. బ్యాగును సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున వేగంగా తిప్పే యంత్రంలో) తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన గడ్డిరంగు ప్లాస్మా తేలుతుంది. ఎర్రకణాలు 2-6 డిగ్రీల చలిలో 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంటాయి. ఆపరేషన్ థియేటర్‌కే కాదు, తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇవే ఆధారం. నెలలు నిండని పసికందుకైతే ఒకే దాత బ్యాగును చిన్న చిన్న సంచుల్లోకి పంచి, అవసరమైనప్పుడల్లా కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. బిడ్డకు ఎక్కువమంది దాతల రక్తం తగలకుండా ఈ జాగ్రత్త.

మరో భాగం ప్లేట్‌లెట్లు, అంటే రక్తస్రావాన్ని ఆపే కణాలు. వీటిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టరు. 20-24 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగే అరల మీద ఉంచుతారు. వాటి ఆయుష్షు సాధారణంగా 5 రోజులే, అందులోనూ పరీక్షలకే కొంత సమయం పోతుంది. ఎక్కువగా అడిగేది క్యాన్సర్ వార్డు. కీమోతో మూలుగ దెబ్బతిని కౌంట్ 10 వేల లోపుకు పడిపోతే, రక్తస్రావం లేకపోయినా ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. డెంగీలో అలా కాదు. రక్తస్రావం లేకుండా కేవలం అంకె తగ్గిందని పరుగులు పెట్టి ప్లేట్‌లెట్లు తెచ్చే కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది. చాలామందికి అవి అక్కర్లేదు, కౌంట్ తనంతట తనే పెరుగుతుంది.

ప్లాస్మాను గడ్డకట్టించి ఏడాది దాకా దాస్తారు. కావాల్సినప్పుడు 37 డిగ్రీల నీటిలో కరిగిస్తారు. లివర్ దెబ్బతిని రక్తస్రావం అవుతున్నవాళ్లకు, ప్రమాదాల్లో బాగా రక్తం పోయినవాళ్లకు ఇస్తారు. దాన్నే చల్లగా, నెమ్మదిగా కరిగిస్తే అడుగున తెల్లటి పదార్థం మిగులుతుంది. అదే క్రయో. ఒక్కో బ్యాగుకు నాలుగు చెంచాలు కూడా ఉండదు గానీ రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అందులో దండిగా ఉంటుంది. కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లికి లేబర్ రూమ్ నుంచి మొదట అడిగేవాటిలో అదొకటి.

మీరిచ్చింది ఫలానా వ్యక్తికి వెళ్లిందని బ్లడ్ బ్యాంకు చెప్పదు. రోగి వివరాలు గోప్యం.

అమ్మ డిశ్చార్జి కాగితాల్లో ఏ కాంపోనెంట్ ఎన్ని యూనిట్లు ఎక్కించారో రాయించుకోండి. ఒకసారి రక్తం ఎక్కాక కొందరిలో యాంటీబాడీలు తయారవుతాయి. మళ్లీ ఎప్పుడైనా అవసరం పడితే క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగికి సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేసేవాళ్లకు ఆ కాగితం ముందే చూపించాలి.

- ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్ నిపుణులు