నవంబర్‌లో చిక్కుడు పాదు పీకేస్తారా ఎవరైనా!

ప్రశ్న: మాది ఉప్పల్. మిద్దె మీద టమాటా, వంగ, బీర, చిక్కుడు, గోంగూర ఉన్నాయి. న్యూజెర్సీలో ఉండే మా వదిన ఫ్రాస్ట్ (ఆకుల మీద గడ్డకట్టే మంచు) వస్తుందని అక్టోబర్‌లోనే తోట మొత్తం ఖాళీ చేసింది. చలి ముదరకముందే మేమూ మొక్కలు తీసేయాలా? కప్పడానికి కవర్లు ఏమైనా కొనాలా?

జవాబు:

తీయకండి. కవర్లూ కొనకండి. ముఖ్యంగా ఆ చిక్కుడు జోలికి అస్సలు పోకండి. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితే గానీ పూత పట్టదు. వానాకాలమంతా నీళ్లు పోసి, ఎరువు వేసి, తీగ పందిరెక్కించి, తీరా సంక్రాంతికి కాయ దిగే వేళకు పీకేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మీ వదిన చేసిన పని మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఎందుకంటే ఫ్రాస్ట్ అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. ఆమధ్య ఒక అక్టోబర్‌లో ఆ న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పెరట్లో అన్నీ మన కూరలే. టమాటా, మిర్చి, బీర, బచ్చలి, గోంగూర, ఒక మూలన కొత్తిమీర మడి. ఒకరోజు సాయంత్రం టీ తాగుతుంటే మా అల్లుడి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఈ రాత్రి ఫ్రాస్ట్ అని. 34 డిగ్రీలట. వాళ్లది ఫారన్‌హీట్ కదా, మన లెక్కలో ఒకటి చిల్లర. "సున్నాకు పైనే ఉంది కదా బాబూ, నీళ్లే గడ్డకట్టవు, ఆకులకేమవుతుంది?" అన్నాను.

"ఆ డిగ్రీ మనిషి ఎత్తులో గాలిని కొలిచింది అత్తయ్యా. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి ఆకులు వాటి వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తాయి. గాలి కంటే ఆకే ఎక్కువ చల్లబడి సున్నా కిందికి పోతుంది" అన్నాడు. సాఫ్ట్‌వేర్ పిల్లాడు. ఇక్కడున్నన్నాళ్లూ కరివేపాకు రెమ్మ కూడా తుంచి ఎరగడు. అక్కడికి పోయాక వ్యవసాయమంతా వచ్చేసింది.

ఇక చూడండి హడావిడి. మనుమరాలు టార్చి పట్టుకుంది, మేం ముగ్గురం కోతకు దిగాం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బీరకాయలు వేలెడంతవి కూడా వదల్లేదు. పచ్చి టమాటాలే రెండు బకెట్లు. గోంగూరైతే కొమ్మలకు కొమ్మలే విరిచి వంటింట్లో పడేశాం. తర్వాత కప్పడం. పాత దుప్పట్లు, కర్టెన్లు, ఆఖరికి నేను చలికని తీసుకెళ్లిన సోలాపూర్ చద్దరు కూడా మిరప మొక్కల మీదికే పోయింది. ప్లాస్టిక్ షీటు తెస్తానంటే మా అమ్మాయి వద్దంది, ప్లాస్టిక్ తగిలిన చోటల్లా ఆకు మాడిపోతుందట. గుడ్డ నేల దాకా దిగాలి. పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రి పైకి వచ్చేటప్పుడు ఆ గుడ్డ కిందే ఆగాలన్నమాట. అందుకే మధ్యాహ్నమే మట్టిని బాగా తడిపి పెడతారట, తడి మట్టి వేడిని ఎక్కువ పట్టి ఉంచుతుందని.

బీర, బచ్చలి తీగలు పందిరి మీద ఉన్నాయి కాబట్టి వాటిని కప్పడం కుదరలేదు. తెల్లారి చూస్తే బచ్చలి ఆకు అంచు చుట్టూ, ఈనెల మీదా సన్నటి తెల్లటి పొడి. వేలితో రాస్తే గరగరలాడి నీళ్లయింది. ఆకు మాత్రం నిన్నటి పచ్చదనంతోనే బిగుసుకుని ఉంది. ఇంత దానికా రాత్రి అంత హైరానా పడ్డామనుకున్నాను. ఎండ పడింది, పది గంటలయ్యేసరికి తీగంతా నల్లబడి, ఉడకబెట్టిన తోటకూరలా వేలాడిపోయింది. ఆకులోపల నీరు గడ్డకట్టినప్పుడే కణాలు చితికిపోతాయి, కరిగాక గానీ ఆ సంగతి బయటపడదు. అదే పెరట్లో కొత్తిమీర మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. చద్దరు కింది మిరప మొక్కలూ బతికాయి, అయితే తర్వాతి వారం ఇంకా గట్టి చలి వచ్చి అవీ పోయాయి.

పచ్చి టమాటాల్లో ముదురువాటిని పేపర్లో చుట్టి, మధ్యలో ఒక అరటిపండు పెట్టి, అట్టపెట్టెలో వేశాం. మెల్లగా పండుతూ వచ్చాయి. లేతవి పండవు, వాటిని తొక్కు నూరాను. నాకు బాధనిపించింది గోంగూర విషయంలోనే. అది కూడా పొద్దు తగ్గితేనే పూస్తుంది. అక్కడ మొగ్గ తొడిగే వేళకు ఫ్రాస్ట్ వచ్చి చంపేస్తుంది, విత్తనం ఎక్కడ కడుతుంది? ఏటా గింజలు కొనుక్కోవాల్సిందే.

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రాత్రులు పది కిందికి పోతుంది, పేపర్లో "వణుకుతున్న నగరం" అని ఫొటో వేస్తారు. మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషి ఇరానీ హోటల్ ముందు చాయ్ తాగుతుంటాడు. మొక్కలకు మాత్రం అది పండగ. పాలకూర, మెంతికూర, ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ, బఠాణీ, అన్నీ మనకు బాగా వచ్చేది ఈ చలికాలంలోనే. టమాటా కూడా చల్లటి రాత్రులుంటేనే పిందె నిలబెడుతుంది.

చలితో ఇబ్బందులు అసలే లేవని కాదు. బెండ గింజ చల్లటి మట్టిలో సరిగ్గా మొలవదు, దాన్ని సంక్రాంతి దాటాకే వేయండి. మీ బీర ముసలిదయి, ఆకుల మీద బూడిద తెగులు వస్తే అది తీసేయండి, దానికి రోజులు చెల్లాయి. చిక్కుడు పూత మీదికి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) వస్తుంది, రాకుండా ఉండదు. కొమ్మ చివర నల్లగా గుంపు కట్టగానే నీళ్లు జోరుగా కొట్టి కడగండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. చీమల బారు కనిపిస్తే పేను వచ్చిందేమోనని ఆకు తిరగేసి చూడండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన యూట్యూబ్‌లో ఎవరో కెనడా ఆయన్ని చూసి ఆన్‌లైన్‌లో ఫ్రాస్ట్ కవర్లు తెప్పించాడు. మల్కాజిగిరిలో! డిసెంబర్‌లో వంగ మొక్కలకు ముసుగులేశాడు. తేనెటీగ లోపలికి పోయే దారి లేదు, వంగకు గాలి కూడా తగలదు, ఇక కాయలెక్కడివి? కాయలు రావట్లేదంటే మందు కొట్టమని ఆయనకు సలహా ఇచ్చిన నర్సరీ వాడి గురించి చెప్పనే వద్దు. ఫిబ్రవరిలో క్యాబేజీ నారు అంటగట్టే బాపతు. మార్చి ఎండకు అది గడ్డ కట్టేదెప్పుడు?

మన తోటకు అసలు సీజన్ ముగిసేది ఏప్రిల్‌లో. అమెరికాలో ఒక్క రాత్రిలో జరిగేది ఇక్కడ నెల పట్టి జరుగుతుంది, అందుకే ఎవరికీ తెలియదు. రాత్రుళ్లు కూడా శ్లాబు సెగలు కక్కుతుంటుంది, టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోతుంది, మొక్కలు పెంచే నల్ల గ్రో బ్యాగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అప్పుడు మాత్రం మొహమాటం లేకుండా టమాటా, వంగ తీసేయండి. తోటకూర, బచ్చలి, గోరుచిక్కుడు నీడకు కట్టే గ్రీన్ నెట్ కింద నెట్టుకొస్తాయి. ఖాళీ అయిన మట్టిని తడిపి, పల్చటి ట్రాన్స్‌పరెంట్ పాలిథీన్ కప్పి మే నెలంతా ఎండలో పెట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండకు మట్టిలోని తెగుళ్లు, పురుగు గుడ్లు చాలావరకు చస్తాయి. మృగశిర రాగానే వేపపిండి, వర్మీ కంపోస్టు కలిపి చిక్కుడు గింజ వేసుకోవచ్చు.

మీకు కప్పాలని అంత మోజుగా ఉంటే మే నెల్లో కప్పండి, లేదా కోతుల కోసం కప్పండి. మా మిద్దె మీద క్యారెట్లు పీకి, ఒక్క కొరుకు కొరికి, పిట్టగోడ మీద వరసగా పెట్టి పోతాయి. అసోసియేషన్ వాళ్లకు చెబితే మీ తోట వల్లే కోతులొస్తున్నాయి, తోట తీసేయండన్నారు. వల కట్టించాను, దాని బిల్లులో సగం వాళ్ల దగ్గర ఇంకా పెండింగే.