జాబ్ పోర్టల్‌లో వెతకండి, అప్లై మాత్రం అక్కడ చేయకండి

రోజూ గంటలకొద్దీ పోర్టల్స్‌లో అప్లై చేస్తున్నా ఒక్క కాల్ కూడా రావట్లేదు, అసలు మంచి ఓపెనింగ్స్ ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు కదా. నేను టెస్టింగ్ నుంచి డేటా అనలిస్ట్ పనికి మారేటప్పుడు ఇదే తిప్పలు పడ్డాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఓపెనింగ్ పుట్టే చోటికే వెళ్లాలి, అదీ పుట్టిన ఒకట్రెండు రోజుల్లో.

ఎందుకో చూడండి. టీమ్‌లో మనిషి కావాలని ముందు మేనేజర్‌కి తెలుస్తుంది, తన చుట్టూ ఉన్నవాళ్లని అడుగుతాడు, తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు కంపెనీ కెరీర్స్ పేజీలో పెడతారు, అక్కడి నుంచి లింక్డ్‌ఇన్‌కో ఇండీడ్‌కో వెళ్తుంది, ఆ తర్వాత ఊరూ పేరూ లేని సైట్లు దాన్ని ఎత్తి పెట్టుకుంటాయి. గూగుల్‌లో 2017లో మొదలైన జాబ్స్ బాక్స్ కూడా అంతే, వేరే సైట్లలో ఉన్నవాటిని ఏరి ఒకచోట చూపిస్తుంది. అందుకే ఒకే ఉద్యోగం కింద రకరకాల సైట్ల బటన్లు కనిపిస్తాయి. వాటిలో కంపెనీ సొంత సైట్ ఉంటే అదే నొక్కండి. కంపెనీ పేజీలో ఆ ఉద్యోగం అసలు కనిపించకపోతే వదిలేయండి, చాలాసార్లు అది ఎప్పుడో మూసేసిందే అయి ఉంటుంది.

పోర్టల్స్‌ని పూర్తిగా మానేయమనట్లేదు. ఎవరు మనుషుల్ని తీసుకుంటున్నారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ ఈజీ అప్లై బటన్ ఉన్నచోట ఎవరికైనా రెండు క్లిక్కుల పనే కాబట్టి అప్లికేషన్లు కుప్పలుగా పడతాయి, మన రెజ్యూమే ఎవరైనా చూసేలోపే వేరేవాళ్లతో షార్ట్‌లిస్ట్ తయారైపోవచ్చు. లింక్డ్‌ఇన్‌లో వెతికేటప్పుడు గత 24 గంటలు అనే ఫిల్టర్ పెట్టండి. ఇంకో చిన్న చిట్కా: ఆ ఫిల్టర్ పెట్టాక పైన వెబ్ అడ్రస్‌లో 86400 అనే అంకె కనిపిస్తుంది, అది 24 గంటల్లో ఉండే సెకన్లు. దాన్ని 3600 చేసి ఎంటర్ కొడితే గత గంటలో వచ్చినవి మాత్రమే వస్తాయి. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా చూసి మూసేసేవాడిని. రోజంతా స్క్రోల్ చేస్తూ కూర్చుంటే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ రాదు.

నాకు బాగా పనిచేసింది మాత్రం వేరే. చాలా కంపెనీల కెరీర్స్ పేజీలు వెనకాల గ్రీన్‌హౌస్, లెవర్, యాష్‌బీ, వర్క్‌డే లాంటి సాఫ్ట్‌వేర్ల మీద నడుస్తాయి, ఆ పేజీలు గూగుల్‌కి నేరుగా దొరుకుతాయి. గూగుల్‌లో సైట్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా గ్రీన్‌హౌస్ డాట్ ఐఓ అని కలిపి, పక్కన మీ రోల్ పేరు కోట్స్‌లో రాయండి. టూల్స్‌లోకి వెళ్లి గత వారం అని ఎంచుకోండి. మనం పేరు కూడా వినని చిన్న చిన్న కంపెనీలు బయటపడతాయి, పోటీ కూడా తక్కువే. నచ్చినవన్నీ ఒక షీట్‌లో రాసుకుని, జాబ్ అలర్ట్ ఉన్నచోట అలర్ట్ పెట్టుకుని, లేనిచోట వారానికోసారి తిరిగి చూడటమే.

రోల్ పేరు విషయంలో జాగ్రత్త. ఒకచోట డేటా అనలిస్ట్ అనే పనిని ఇంకోచోట రిపోర్టింగ్ అనలిస్ట్ అంటారు, మరోచోట ఇన్‌సైట్స్, బిజినెస్ ఇంటెలిజెన్స్, ఏదో ఒకటి. ఒకే పేరుతో వెతికితే సగం కనిపించవు. పేరు పక్కన పెట్టి చేసే పనితో వెతకండి, నేనైతే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష), డ్యాష్‌బోర్డ్ అనే మాటలతో వెతికేవాడిని. సాఫ్ట్‌వేర్ కాని వాళ్లకి దారులు కొంచెం వేరు: సహాయ సంస్థల పనులకి ఐక్యరాజ్యసమితి నడిపే రిలీఫ్‌వెబ్ ఉంది, బోధన, పరిశోధన వైపు అయితే యూనివర్సిటీల సొంత పేజీలే చూడాలి, చాలా వృత్తి సంఘాలకి కూడా సొంత జాబ్ బోర్డులు ఉంటాయి.

ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం ఏ జాబ్ బోర్డులోనూ దొరకలేదు. లింక్డ్‌ఇన్‌లో జాబ్స్ ట్యాబ్ వదిలేసి, పోస్ట్స్ ట్యాబ్‌లో మా టీమ్‌లోకి మనిషి కావాలి అనే అర్థం వచ్చే మాటలు ఇంగ్లీషులో కొట్టి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చూస్తుంటే ఒక మేనేజర్ రాసిన పోస్ట్ కనపడింది, అప్పటికి కెరీర్స్ పేజీలో ఇంకా పెట్టనేలేదు. రెఫర్ చేయండి ప్లీజ్ అని రాయలేదు. ఆయన పోస్ట్‌లో చెప్పిన సమస్యలాంటిది నేను ఎక్కడ చేశానో రెండు లైన్లు రాసి, చేసినదాని లింక్ పెట్టానంతే. మేనేజర్ మనకి తెలిసినవాడు కానక్కర్లేదు. అమెరికన్ సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చెప్పాడు, ఉద్యోగాల కబురు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుందని. దగ్గరివాళ్లకి తెలిసిందంతా మనకీ తెలిసే ఉంటుంది కదా.

ఓపెనింగ్ మంచిదా కాదా అనేది ప్రకటనలోనే చాలావరకు తెలిసిపోతుంది. ఎవరి కింద పనిచేయాలి, మొదటి కొన్ని నెలల్లో ఏం చేయాలి, టీమ్ ఎలా ఉంటుంది, జీతం ఎంత నుంచి ఎంత వరకు, ఇలాంటివి రాసి ఉంటే వాళ్లకి నిజంగా మనిషి కావాలి. పనేంటో చెప్పకుండా టూల్స్ పేర్లు మాత్రం బారెడు రాసి, రీపోస్టెడ్ అనే గుర్తుతో నెలనెలా తిరిగొచ్చేవి నేను ముట్టుకోను. కొన్ని కంపెనీలు అప్పటికప్పుడు ఖాళీ లేకపోయినా రెజ్యూమేలు పోగేసుకోవడానికి అలా తెరిచి ఉంచుతాయి.

మోసాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కాల్స్ రావట్లేదని దిగులుగా ఉన్నప్పుడే ఇవి తగులుతాయి. నాకొకసారి పేరున్న కంపెనీ పేరుతో ఆఫర్ మెయిల్ వచ్చింది, ఇంటర్వ్యూ అంతా చాట్‌లోనే, చివర్లో ల్యాప్‌టాప్ కోసం డిపాజిట్ కట్టమన్నారు. మెయిల్ ఐడీ చూస్తే కంపెనీ డొమైన్‌లో ఒక అక్షరం ఎక్కువుంది. డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూపించే హూఈజ్‌లో వెతికితే అది అప్పుడే కొత్తగా రిజిస్టర్ చేసిందని తెలిసింది. డబ్బులు అడిగినా, ఆఫర్ లెటర్ రాకముందే ఐడీ కార్డులు, బ్యాంక్ వివరాలు అడిగినా జవాబివ్వకుండా కంపెనీ సొంత సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి, మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు.

మీది ఏ ఫీల్డ్, ఎంత అనుభవం అనేది రాయలేదు. చెప్తే ఏ మాటలతో వెతకాలో ఇంకొంచెం వివరంగా రాస్తాను.