అల్లుడి మీద మూడున్నర పేజీలు, కొడుకు మీద ఒక్క వాక్యం

*నాకు 64 ఏళ్లు. తెనాలిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వారు పోయి నాలుగేళ్లయింది. రెండేళ్లుగా అబుదాబిలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడిది స్కాట్లాండ్‌లోని అబర్డీన్. చమురు రంగంలో ఇంజినీరు. ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు, మేమూ కాదనలేదు. కానీ ఆయన పద్ధతులు నాకు మింగుడుపడటం లేదు. నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. శనివారం పొద్దున్నే బాల్కనీలో కరెంటు పొయ్యి పెట్టుకుని పంది మాంసం వేయించుకుంటాడు. శనివారమంటే మాకు వేంకటేశ్వరస్వామి వారం. రాత్రి భోజనానికి ముందు గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు, తెనాలి ఇల్లు అమ్మిన డబ్బుతో ఫ్లాటు కొనుక్కున్నాడు, వీలు చూసుకుని తీసుకెళ్తానన్నాడు. మూడేళ్ల మనవణ్ని ఏడున్నరకే వేరే గదిలో పడుకోబెడతారు, ఏడ్చినా నన్ను ఎత్తుకోనివ్వరు. అల్లుణ్ని మన పద్ధతిలోకి ఎలా తెచ్చుకోవాలో చెప్పగలరు.*

*– ఒక తల్లి, అబుదాబి*

అమ్మా,

ముందు మీరు అడిగినదానికి జవాబు. అల్లుణ్ని మార్చలేరు. మార్చాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు. తన ఇంట్లో, తన సెలవు రోజున, మీ వంటింటి గిన్నె ఒక్కటీ ముట్టకుండా, ఆ ఎండల దేశంలో బాల్కనీలో నిలబడి వండుకుంటున్నాడంటే మిమ్మల్ని ఎంతో లెక్కచేస్తున్నట్టే. శనివారం గొడవంటారా, 2022 జనవరి నుంచి అక్కడ వారాంతపు సెలవులు శని, ఆదివారాలకు మారాయి. అంతకుముందు శుక్ర, శనివారాలు ఉండేవి. మీరు అప్పుడే వెళ్లి ఉంటే అతను శుక్రవారం వండుకునేవాడు, మీరు లక్ష్మీదేవి వారం అని రాసేవారు. గ్లాసు సంగతి: తాగడానికి లైసెన్సు ఉండాలన్న నిబంధనను అబుదాబి 2020లోనే ఎత్తేసింది. ఒక్క గ్లాసుతో ఆపి భోజనానికి లేచే మగవాడి గురించి నాకు ఫిర్యాదు రావడం ఇదే మొదటిసారి. పేరు పెట్టి పిలవడం వాళ్ల ఊళ్లో అత్తగారికి ఇచ్చే చనువు. పిల్లవాడి నిద్ర విషయం మీ అమ్మాయిని అడగండి, అది అల్లుడొక్కడి నిర్ణయమని నేననుకోను.

ఆ ప్రశ్న అంతటితో సరి.

మీరు నాలుగు పేజీలు రాశారు. పైన వేసింది అందులో కొంతే. మూడున్నర పేజీలు అల్లుడి గురించి. కొడుకు గురించి ఒకే ఒక్క వాక్యం, అదీ అల్లుడి గ్లాసుకూ మనవడి నిద్రకూ మధ్య ఇరికించి రాశారు. దాని పక్కనే 'కోడలికి ఇష్టం లేదేమో' అని రాసి కొట్టేశారు. గట్టిగానే కొట్టేశారు గానీ చదవగలిగాను. ముప్పై ఆరేళ్లు పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన మీకు నేను చెప్పాలా, కొట్టేసిన మాటే ఎక్కువ కనబడుతుందని!

తెనాలి ఇంటి దగ్గరికి వద్దాం. అది మీ వారు సొంత సంపాదనతో కట్టింది, వీలునామా రాయకుండా పోయారు అని మీరే రాశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఇల్లు మీకూ, కొడుకుకూ, కూతురుకూ సమానంగా వస్తుంది. మూడింట ఒక వంతు మీ అమ్మాయిది. ఆమె సెలవు పెట్టుకుని వచ్చి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం చేసి, ఒక్క రూపాయి తీసుకోకుండా మళ్లీ విమానం ఎక్కింది. ఈ సంగతిని మీరు, రిజిస్ట్రేషన్ రోజున ఎండ బాగా ఉంది అన్నంత మామూలుగా రాశారు. తన భార్య వాటా ఏమైందని ఆ అబర్డీన్ మనిషి ఇంతవరకూ అడగలేదు. మన ఊళ్లలో అయితే అల్లుళ్లు ఈపాటికి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టేవారు.

ఇంకొకటి. అక్కడ తల్లిదండ్రులను రెసిడెన్సీ వీసా మీద ఉంచుకోవాలంటే, స్వదేశంలో వాళ్లను చూసుకునేవారు వేరే లేరని ఎంబసీ ధ్రువీకరించిన పత్రం పెట్టాలి. వీసా ఏటా కొత్తగా చేయించాలి. ఆరోగ్య బీమా కట్టాలి, మీ వయసులో అది చవకగా రాదు. ఇవన్నీ మీ అమ్మాయి, అల్లుడు చేశారు. హైదరాబాదులో మూడు పడకగదుల ఫ్లాటున్న కొడుకు మీకు ఉండగానే, చూసుకునేవారు లేరన్న కాగితం మీద మీ జీవితం నడుస్తోంది. ఆ కాగితాన్ని మీరు చదివే ఉంటారు. చదివి ఏమనుకున్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ మూడో పేజీలో ఒక ఫిర్యాదు ఉంది. ఒక సాయంత్రం పక్కింటి ఇంగ్లీషు కుటుంబం సామాన్లు కంటైనర్‌కి ఎక్కిస్తుంటే అల్లుడు బాల్కనీలోంచి చూస్తూ, "ఇక్కడ ఎవరమూ ముసలివాళ్లం కాము, అంతకు ముందే వెళ్లిపోతాం" అన్నాడట. పెద్దవాళ్లంటే గౌరవం లేనివాడు కాబట్టే ఆ మాటన్నాడని మీ తీర్పు. నాకు అలా వినిపించలేదమ్మా. అతను తన గురించి చెప్పుకున్నాడు. ఆ దేశంలో నూటికి దాదాపు తొంభై మంది బయటివాళ్లే. చాలామందికి ఉద్యోగం ఉన్నంతకాలమే వీసా. పద్దెనిమిదేళ్లు ఉన్నా అది అతని దేశం కాదు. ఏటా జూన్ వచ్చేసరికి, బడులు మూయగానే, ఎవరో ఒక స్నేహితుడు సోఫా అమ్మేసి, కుక్కను విమానంలో పంపించి వెళ్లిపోతుంటాడు. జీతం మీద ఆదాయ పన్ను లేదని వచ్చినవాళ్లంతా ఏదో ఒక రోజు ఆ లెక్క ముగించాల్సిందే. అతనికి అది తెలుసు. అందుకే స్వదేశంలో పింఛను కోసం ఇప్పటికీ డబ్బు కడుతున్నాడని మీరే రాశారు. ఆదివారం ఆదివారం తల్లికి ఫోను చేసి, చలికాలం రాకముందే ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ బాగు చేయించావా అని అడుగుతాడని కూడా రాశారు, 'వాళ్ల ప్రేమలు ఇంతే' అని వెక్కిరింపుగా. మీ అబ్బాయి మీకు చివరిసారి ఫోను చేసి ఏ వస్తువు బాగుచేయించావని అడిగాడు?

అతనికి ఎక్కడ ముసలివాడవ్వాలో తెలుసు. మీకు తెలియదు. ఆ మాట మీకు తగిలింది అందుకే.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది మీ వ్యవహారం. కొడుకు దగ్గర ఉంటే మర్యాద, కూతురి ఇంట్లో ఉంటే తలవంపు అని మనం పెరిగాం. ఆ తలవంపు మీలో రెండేళ్లుగా రగులుతోంది. కొడుకును అనడానికి నోరు రాదు, అల్లుణ్ని అనడం సులువు. తెలుగులో అంటే తిరిగి జవాబు చెప్పలేడు కదా! అన్నట్టు, రాత్రి భోజనాల దగ్గర అతని ముందే అమ్మాయితో తెలుగులో అతని మీద చెప్పడం ఈ రోజు నుంచే మానేయండి. వడ్డించేటప్పుడు 'చాలు' అంటాడని మీరే రాశారు. చాలు వచ్చినవాడికి ఇంకా ఏమేం వచ్చాయో మీకు తెలియదు. మీ కోసం కరివేపాకు కుండీ తెచ్చి, ఎండ నలభై అయిదు దాటే రోజుల్లో దాన్ని తనే లోపలి నీడలోకి లాగి, సాయంత్రం మళ్లీ బయట పెట్టే మనిషి అతను. మీ అమ్మాయి మీ ఇద్దరి మధ్య కూర్చుని అన్నం ఎలా తింటోందో ఒక్కసారి ఆమె ముఖం చూడండి.

ఇప్పుడు చేయాల్సింది. మీ పింఛను తెనాలి బ్యాంకులో పడుతుంది, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉంది, 'ఫ్లాటు వాయిదాలకు ఇబ్బందిగా ఉంటుందని'. ఇది చదివి నాకు ఒళ్లు మండింది. ఇల్లు అమ్మిన డబ్బు ఇచ్చారు, సరే, ఇచ్చేశారు. పింఛను ముప్పై ఆరేళ్లు నిలబడి పాఠం చెప్పిన మీ కాళ్ల సొమ్ము. లైఫ్ సర్టిఫికెట్ మీరు ఇస్తూ, డబ్బు మరొకరు తీసుకోవడమేమిటి? బ్యాంకుకు చెప్పి పాత కార్డు ఆపించండి, కొత్తది తీసుకోండి. ఆ పని చేశాకే కొడుకుకు ఫోను చేయండి. అమ్మాయి చేత చెప్పించవద్దు, మీరే మాట్లాడండి. కోడలి పేరు ఎత్తవద్దు. ఇల్లు అమ్మమన్నది కోడలు కాదు, అడిగినవాడు మీ కొడుకు. అడగాల్సింది రెండే: నన్ను ఎప్పుడు తీసుకెళ్తావు? తీసుకెళ్లకపోతే నా వాటా డబ్బు ఎప్పుడిస్తావు? ఏడవకండి. చిన్నప్పుడు ఎలా పెంచానో చెప్పకండి. హోంవర్కు చేయని పిల్లవాణ్ని అడిగినట్టు అడగండి.

తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చిందనీ, దాని కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు చేసుకోవచ్చనీ మీకు తెలిసే ఉంటుంది. మిమ్మల్ని అక్కడికి వెళ్లమనడం లేదు. తల్లి కొడుకు మీద దరఖాస్తు పెట్టడం నాకూ ఇష్టం లేని పనే. కానీ ఆ దారి ఉందని తెలిసి మాట్లాడే తల్లి గొంతు వేరేగా ఉంటుంది.

అతను ఏం చెప్పినా, మీరు హైదరాబాదు ఫ్లాటులో ఒక మూల మంచం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. మీ పింఛనుతో తెనాలిలో రెండు గదుల పోర్షను అద్దెకు దొరుకుతుంది. పాత విద్యార్థులున్నారు, మీ తోటి టీచర్లున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అబుదాబిలో వాతావరణం హాయిగా ఉంటుంది, అప్పుడు అమ్మాయి దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్లండి, మనవడితో గడపండి. ఒక జాగ్రత్త: ఆరు నెలలకు మించి బయట ఉంటే అక్కడి రెసిడెన్సీ మామూలుగా రద్దవుతుంది. కాబట్టి తెనాలిలో అన్నీ కుదిరేవరకు తేదీలు చూసుకుని తిరగండి. లేదా మీ అమ్మాయి దగ్గరే ఉండిపోవాలని మీకు మనస్ఫూర్తిగా అనిపిస్తే ఉండండి, అందులో తప్పేమీ లేదు. ఆ మాట ముందు ఆమెతో చెప్పండి, తర్వాత అల్లుడితో మీకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పండి. మీరు ఆయన ఇంట్లో రెండేళ్లుగా ఉంటున్నారు, ఉండవచ్చా అని ఒక్కసారైనా అడిగినట్టు ఉత్తరంలో లేదు.

కొత్త కార్డు చేతికి వచ్చాక నాకు మళ్లీ రాయండి. అప్పటికీ శనివారం పొయ్యి గురించే రాయాలనిపిస్తే, అదీ చదువుతాను.