సైకిలు ఆశ చూపినా పుస్తకం తీయని పిల్లవాడు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి రెండేళ్ళయింది, అబ్బాయి ఎనిమిదో తరగతి, ఊళ్ళో ఉన్నప్పుడు బాగానే చదివేవాడు, ఇప్పుడు పుస్తకం తీయమంటే మొహం చిట్లిస్తున్నాడు, లెక్కల్లో మార్కులు ముప్పై దగ్గరే ఉన్నాయి, హాఫ్ ఇయర్లీలో ఎనభై దాటితే గేర్ల సైకిలు కొనిస్తామన్నా, ఫోను లాక్కున్నా, పక్కింటి పిల్లతో పోల్చి చెప్పినా లాభం లేకపోయింది. అసలు పిల్లల చేత చదివించేది ఏమిటి అని మీ ప్రశ్న. నేను విల్లివాక్కంలో మా ఇంటి డాబా మీద రేకుల షెడ్డులో 26 ఏళ్ళుగా ఆరు నుంచి పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఈ విషయంలో నేను చేసిన తప్పులు మాత్రం తక్కువేమీ కావు కనుక, వాటిని చెప్పుకుంటూనే నాకు తెలిసిన జవాబు రాస్తాను.

ఆసక్తి ఉంటే చదువు దానంతట అదే వస్తుందని మనం అనుకుంటాం. నేను చూసినంతవరకు ఈ వరుస తిరగబడి ఉంటుంది. మొదట కాస్త వస్తుంది, వచ్చిన సంగతి పిల్లవాడి కంటికే కనబడుతుంది, ఆ తరువాతే ఆసక్తి పుడుతుంది. నిన్న రానిది ఇవాళ వచ్చిందని తెలిసిన పిల్లవాడిని ఆపడం కష్టం. ఎంత కూర్చున్నా రాదని తేల్చుకున్న పిల్లవాడిని కూర్చోబెట్టడం అంతకంటే కష్టం.

ఇది నాకు మొదటి నుంచీ తెలిసిన సంగతి కాదు. పదేళ్ళ కిందట హోమ్‌వర్కు ఎవరూ సరిగా చేయడం లేదని చెన్నైలోని ప్యారీస్ కార్నర్ సందుల్లో టోకు దుకాణానికి వెళ్ళి బంగారు రంగు నక్షత్రాల స్టిక్కర్లు కొని, పేర్లు రాసిన చార్టు ఒకటి గోడకు తగిలించాను. హోమ్‌వర్కు పూర్తయిన రోజుకు ఒక నక్షత్రం, నెలాఖరుకు ఎక్కువ నక్షత్రాలున్నవారికి జామెట్రీ బాక్సు. మొదటి పదిహేను రోజులూ నా తెలివికి నేనే మురిసిపోయాను, ఒక్క నోటుబుక్కు కూడా ఖాళీగా రాలేదు. ఆ తరువాత ఒక సాయంత్రం కిందికి దిగుతూ చూస్తే, మెట్ల మీద ముగ్గురు వరుసగా కూర్చుని ఒకే నోటుబుక్కులోంచి లెక్కలు ఎక్కిస్తున్నారు, తప్పుతో సహా. అంతకంటే నన్ను బాధపెట్టింది ఏడో తరగతి అమ్మాయి ఒకతె. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు రావాలి, ఎవరు పెట్టారు ఆ రూలు అని నన్ను నిలదీసిన పిల్ల ఆమె. చార్టు వచ్చాక ప్రశ్నలు మానేసింది. ఏమ్మా, ఈ మధ్య ఏమీ అడగడం లేదు అంటే, ‘అడుగుతూ కూర్చుంటే లెక్కలు పూర్తి కావు సార్, స్టార్ పోతుంది’ అంది. ఆ రాత్రే చార్టు తీసేశాను. అంతటితో పాత రోజులు తిరిగి రాలేదు. తరువాత మూడు వారాలపాటు హోమ్‌వర్కు చేసుకొచ్చినవాళ్ళే లేరు, ఎందుకంటే ‘స్టార్ లేదుగా సార్’ అన్న మాట అందరి నోటా ఒకటే.

నేను గోడ మీద చేసిన ఈ ప్రయోగాన్ని మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో పద్ధతిగా చేసి, 1973లోనే ప్రకటించారని చాలాకాలం తరువాత తెలిసింది. రంగు పెన్నులతో బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లలనే ఎంచుకుని, కొందరికి బొమ్మ గీస్తే రిబ్బను అంటించిన ప్రశంసా పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత ఆ పెన్నులనే మామూలుగా తరగతిలో ఉంచి చూస్తే, బహుమతి కోసం గీసిన పిల్లలు మిగతావారు గీసిన సమయంలో సగం సేపే గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే చెడుపు పత్రంలో లేదు, ముందుగా కుదుర్చుకున్న బేరంలో ఉంది. ఇష్టంగా చేసే పనికి మనం వెల కడితే, వెల లేని రోజున ఆ పని ఎందుకు చేయాలో పిల్లవాడికే అర్థం కాకుండా పోతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి విషయానికి దగ్గరగా ఉన్న సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట సూళ్ళూరుపేట నుంచి వచ్చిన కుర్రవాడిని వాళ్ళ నాన్నగారు తీసుకొచ్చి, ‘వీడికి లెక్కలంటే ఇంట్రెస్ట్ లేదు సార్’ అని వాడి ముందే చెప్పి వదిలివెళ్ళారు. వాడూ ఎనిమిదే. ముందు రోజు బడిలో చెప్పినదేమిటి అని అడిగితే, నోటుబుక్కు తెరిచి చూపించాడు గానీ నోరు విప్పలేదు. కాసేపటికి తెలిసిందేమిటంటే, బడి ఇంగ్లీషు మీడియమే అయినా అక్కడి టీచరు కష్టమైన చోట తమిళంలోకి దిగి తొగుది, పగుది అంటారు. పుస్తకంలో న్యూమరేటర్, డినామినేటర్ అని ఉంటుంది. వీడికి తెలిసినవి లవం, హారం. ఒక్క భిన్నానికి మూడు భాషల్లో ఆరు పేర్లు, ఏది పైది ఏది కిందిదో తేల్చుకునేలోపు బోర్డు తుడిచేస్తారు. వాడి చేత అరకు మూడో వంతు కలిపించాను. పైవి పైవి, కిందివి కిందివి కూడి 2/5 అని రాశాడు. తప్పని చెప్పకుండా ఒక కాగితం ఇచ్చి సగానికి మడిచి రంగు వేయమన్నాను. ఇంకో కాగితాన్ని ఐదు భాగాలు చేసి రెండింటికి రంగు వేయమన్నాను. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా అయింది సార్?’ అన్నాడు. మా షెడ్డులో వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. అరనూ మూడో వంతునూ ఆరేసి భాగాలుగా గీసి చూస్తే మూడూ రెండూ ఐదు, అంటే 5/6 అని తేలింది. ఆ సాయంత్రం నేను ఇచ్చినవి నాలుగు లెక్కలు, వాడు చేసినవి పద్నాలుగు. లైట్లు ఆర్పుతుంటే ఇంకొకటి చేసి వెళతానన్నాడు.

వాడికి ఇంట్రెస్ట్ లేదన్న మాట తండ్రి పెట్టిన పేరు మాత్రమే, అసలు రోగం ఆరో తరగతి భిన్నాల్లో ఉంది. నేనూ అయిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆరులో ఇంగ్లీషు మీడియానికి మారి, డినామినేటర్ అంటే హారమేనని తెలియక ఏడాదంతా ఆఖరి బెంచీలో గడిపినవాణ్ణి. అయినా ఇది పసిగట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అప్పటి నుంచి ప్రతి పిల్లవాడి చేత ‘రానివి’ అన్న పేరుతో ఒక చిన్న నోటుబుక్కు పెట్టిస్తున్నాను. చేయలేకపోయిన లెక్కను తేదీ వేసి అందులో రాసుకోవాలి. నెల తరువాత అదే లెక్కను మళ్ళీ చేయాలి. వస్తే పక్కన కొత్త తేదీ వేస్తాడు, రాకపోతే ఇంకో నెల ఆగుతుంది. నేను మార్కు వేయను, ‘గుడ్’ అని కూడా రాయను. ఎక్కడ దారి తప్పాడో ఒక వాక్యం మాత్రం రాస్తాను. ఈ అలవాటుకు నాకు ధైర్యమిచ్చింది రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో 5, 6 తరగతుల పిల్లలతో చేసి 1988లో ప్రకటించిన పరిశోధన. పిల్లల పని చూసి కొందరికి మార్కు, కొందరికి వ్యాఖ్య, కొందరికి రెండూ ఇస్తే, వ్యాఖ్య ఒక్కటే అందుకున్నవారిలో ఆసక్తీ పనితనమూ నిలిచాయి. రెండూ అందుకున్నవారికి వ్యాఖ్య వల్ల కలగవలసిన మేలు కలగలేదు. మార్కు పక్కన ఉంటే కింద రాసినది ఎవరు చదువుతారు? మనమూ అంతే, ప్రోగ్రెస్ రిపోర్టులో ర్యాంకు చూసి సంతకం పెట్టేస్తాం. ఈ ఊళ్ళో నూటికి నూరు వస్తే దానికి ‘సెంటమ్’ అని ఒక ప్రత్యేకమైన పేరే ఉంది, అది కొట్టినవాడి ఫొటో ట్యూషన్ సెంటర్ల ఫ్లెక్సీలకు ఎక్కుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2017లో పది, పన్నెండు తరగతుల ఫలితాల్లో రాష్ట్ర స్థాయి ర్యాంకులు ప్రకటించడం మానేసింది; ఇళ్ళల్లో మాత్రం ఆ ప్రకటన ఇంకా జరుగుతూనే ఉంది.

సైకిలు సంగతికి వస్తే, డబ్బు ఆశ చూపిస్తే పిల్లలు చదువుతారా అన్నదాన్ని రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త అమెరికా నగరాల్లోని బడుల్లో నిజంగా డబ్బు పంచి పరీక్షించారు, ఫలితాలు 2011లో వెలువడ్డాయి. న్యూయార్క్‌లో పరీక్షల్లో వచ్చిన మార్కులకు డబ్బు ఇస్తే చదువులో తేడా ఏమీ రాలేదు. డల్లాస్‌లో రెండో తరగతి పిల్లలకు చదివిన ఒక్కొక్క పుస్తకానికి 2 డాలర్లు ఇస్తే చదివి అర్థం చేసుకునే శక్తి కొంత పెరిగింది. న్యూయార్క్ పిల్లలకు డబ్బు మీద ఆశ లేక కాదు. మార్కులు పెరగాలంటే ఏం చేయాలి అని అడిగితే, పరీక్ష రాసేటప్పుడు ప్రశ్న జాగ్రత్తగా చదవాలి లాంటి చిట్కాలు చెప్పారే తప్ప, పాఠం చదువుతాననో టీచరును అడుగుతాననో చెప్పలేదట. మీ అబ్బాయికీ సైకిలు కావాలనే ఉంటుంది. ముప్పై దగ్గరున్నవాడికి ఎనభై ఎలా వస్తాయో తెలియదు, మీరూ చెప్పలేదు. దారి చూపకుండా కొండ మీది సైకిలును చూపిస్తే, పిల్లవాడు కొంతకాలానికి సైకిలు మీద కూడా ఆశ వదులుకుంటాడు.

బహుమతులన్నీ విషమని నేను అనను. ఎక్కాలు అప్పజెప్పించడానికి ఇప్పటికీ కొబ్బరి బిళ్ళలు పంచుతాను, ఎందుకంటే పదమూడో ఎక్కం మీద సహజమైన ప్రేమ ఉన్న పిల్లవాడు నాకు ఈ 26 ఏళ్ళలో తగల్లేదు, లేని ఇష్టం చెడిపోయే ప్రమాదమూ లేదు. అలాగే పది లెక్కలిచ్చి మీకు నచ్చిన ఆరు చేయండి అంటే చాలామంది ఉత్సాహంగా చేస్తారు. తన పని తానే ఎంచుకున్నానన్న భావన ఎంత ముఖ్యమో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సిద్ధాంతంలో చెప్పారు. అయితే ఎప్పుడూ సులువైన ఆరే ఎంచుకునే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వారి దగ్గర నా పాచిక పారలేదు.

ఆసక్తి గురించి మాట్లాడే ముందు శరీరం గురించి ఒక మాట. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు రోజూ నా ముందే తూగేవాడు. శ్రద్ధ గురించి వాడికి ఎన్నిసార్లు ఉపన్యాసం ఇచ్చానో లెక్కలేదు. వాడు తెల్లవారుజామున మూడింటికి లేచి తండ్రితో కోయంబేడు మార్కెట్టుకు వెళ్ళి కూరగాయల బస్తాలు ఆటోకెత్తి, ఇంటికి వచ్చి స్నానం చేసి బడికి వెళుతున్నాడని వాడు ట్యూషను మానేశాకే తెలిసింది. ఆసక్తి లేకపోవడమని నేను అనుకున్నది నిద్ర లేకపోవడం. ఇదే మద్రాసులో 1920లో కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న మన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ దగ్గరి కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టే ఏర్పాటు చేయించారు. ఆకలితో ఉన్న పిల్లవాడు బడికి రాడు, వచ్చినా అతడికి ఏదీ ఎక్కదు అన్నది వందేళ్ళ కిందటే తెలిసిన విషయం. ఆ కుర్రవాడి తరువాత నుంచి మా ఆవిడ ఆరింటికి శనగల సుండల్ (గుగ్గిళ్ళు) గిన్నె పైకి పంపిస్తోంది. లెక్కలు దాని తరువాతే మొదలవుతాయి.

కాబట్టి మీరు ముందుగా చేయవలసినది, ఎనిమిదో తరగతి పుస్తకం పక్కన పెట్టి, ఆరో తరగతి పుస్తకంతో వాడి పక్కన కూర్చోవడం. భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, ఈ మూడు చోట్ల నాలుగేసి లెక్కలు చేయించండి. తప్పు చేసినప్పుడు కోప్పడకుండా, ఎలా చేశావో చెప్పు అని అడగండి. ఎక్కడ తెగిందో వాడి మాటల్లోనే మీకు దొరుకుతుంది. లెక్కలు తెలుగులోనే మాట్లాడుకోండి, ఇంగ్లీషు పేర్లూ తమిళం పేర్లూ పక్కన రాసుకోమనండి. రోజుకు అరగంట చాలు, రెండు నెలలు పడుతుంది. హాఫ్ ఇయర్లీకి ఎనభై రావు, యాభై దాటవచ్చు. ఆ యాభైని చూసి పక్కింటి పిల్ల పేరు ఎత్తితే మాత్రం రెండు నెలల పని ఆ ఒక్క మాటతో పోతుంది.

సైకిలు కొనగలిగితే ఇప్పుడే కొనివ్వండి, బడికి వెళ్ళిరావడానికి పనికొస్తుంది. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో పదకొండో తరగతికి వచ్చిన పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇస్తారు, అప్పుడు మార్కులెన్ని అని ఎవరూ అడగరు.